ఆ లావంతా ఎక్కడికి పోయింది?

(చలికాలంలో ఇంటి నుంచే పక్షుల్ని చూడటం గురించి చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? చెయ్యెత్తారు, సరే, మంచిది.

ఆ ఎడమవైపు కిటికీల పక్కన కూర్చున్నవాళ్లకి ముందే ఒక మాట చెబుతాను. మధ్యమధ్యలో మీరు నన్ను వదిలేసి బయటికి చూస్తుంటే నేనేమీ అనుకోను. అసలు ఇవాళ నాకు అప్పజెప్పిన పనే అది, మిమ్మల్ని కిటికీలోంచి బయటికి చూసేట్టు చెయ్యడం. జనం దిక్కులు చూస్తుంటే సంతోషించే వక్తని బహుశా నేనొక్కదాన్నే.

విషయం మీకు తెలుసు. చలికాలంలో, ఇంట్లోనే ఉండి, పెరట్లో పిట్టల్ని చూడటం. ఈ సంగతి చెప్పగానే నా స్నేహితురాలు నవ్వేసింది. "చలికాలంలో పిట్టలెక్కడుంటాయే? అన్నీ వెచ్చటి చోటికి ఎగిరిపోతాయిగా?" అంది. ఎగిరిపోతాయి. కొన్ని ఎగిరిపోతాయి. ఎగిరిపోయినవి ఎక్కడో ఒకచోట దిగాలి కదా? ఆ దిగే చోటు మన పెరడు కాకూడదని ఎక్కడుంది?

బ్లాక్‌క్యాప్ అని ఒక చిన్న పిట్ట ఉంది, ఐరోపాది. మగదానికి నెత్తిన నల్లటోపీ పెట్టినట్టు ఉంటుంది. మధ్య ఐరోపాలో వేసవి గడిపే బ్లాక్‌క్యాపులు చలికాలానికి నైరుతిగా, స్పెయిన్ వైపు వెళ్లేవి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో వాటిలో కొన్ని దారి మార్చి వాయవ్యంగా బ్రిటన్‌కి రావడం మొదలుపెట్టాయి. చలికాలంలో బ్రిటన్ ఏమన్నా వెచ్చగా ఉంటుందా? ఉండదు. మరెందుకు వచ్చినట్టు? అక్కడ జనం పెరళ్లలో గింజలూ కొవ్వూ పెడతారు, అది పెద్ద ఆసరా. పీటర్ బెర్టోల్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఏం చేశాడంటే, బ్రిటన్‌లో చలికాలం గడిపిన పిట్టల్ని తీసుకెళ్లి, వాటికి పుట్టిన పిల్లల్ని పంజరాల్లో పెంచి చూశాడు. ఏ దారీ ఎరగని ఆ పిల్లలు కూడా, వలస వేళ వచ్చేసరికి, బ్రిటన్ దిక్కుకే తిరిగాయి. 1992లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దిక్కు రక్తంలోకి దిగిపోయిందన్న మాట. ఎవరో వంటింటి కిటికీ బయట వేలాడదీసిన గింజల బుట్టకి అంత బలం ఉంది. అందుకని, నేనేదో కాలక్షేపం గురించి మాట్లాడుతున్నానని అనుకోకండి.

చలికాలం ఇంకో మేలు కూడా చేస్తుంది. ఆకులు రాలిపోయే చోట్ల కొమ్మలు బోసిగా ఉంటాయి, దాక్కోడానికి చాటు ఉండదు. పగలు పొట్టి. వేసవిలో పధ్నాలుగు గంటల్లో తాపీగా తినే తిండిని ఇప్పుడు తొమ్మిది పది గంటల్లో తినాలి. ఇంకా ఎక్కువ తినాలి కూడా. అంటే పిట్టకి తీరిక లేదు, మొహమాటం లేదు. మనిషి కిటికీ వెనక ఉన్నాడని తెలిసినా వచ్చి తింటుంది. తెల్లవారిన మొదటి గంటా, పొద్దుగూకే ముందు గంటా చూడండి, ఆ రెండు గంటలూ పెరడు సంతలా ఉంటుంది.

సరే, ఇప్పుడు నా సంగతి. నేను మొదట్లో జాబితా మనిషిని. పుస్తకం పెట్టుకుని, పిట్ట కనబడగానే పేరు రాసుకోవడం, టిక్కు పెట్టుకోవడం. మొదటి చలికాలంలో రెండు వారాలకే నా జాబితా ఆగిపోయింది. రోజూ అవే పిట్టలు, అదే కొమ్మ. విసుగొచ్చింది. చూడాల్సిందంతా చూసేశాను అనుకున్నాను. ఎంత అమాయకత్వం చూడండి!

ఒక మధ్యాహ్నం, మబ్బు పట్టి, గాలి కొడుతోంది. ఎదురుగా కొమ్మ మీద ఒక పిచ్చుక. నా జాబితాలో మొట్టమొదటి పేరు అదే. కానీ ఆ రోజు అది పిచ్చుకలా లేదు, బంతిలా ఉంది. మెడ లేదు. ఒకటే కాలు. ముక్కు వీపు మీది ఈకల్లో దూర్చేసింది. అయ్యో, జబ్బు పడిందేమో అనుకుంటూ చూస్తూ కూర్చున్నాను. పావుగంట కదలలేదు. ఇంతలో ఎక్కడో తలుపు ధడాల్న కొట్టుకుంది. రెప్పపాటులో బంతి మాయమై, సన్నగా నాజూగ్గా మామూలు పిచ్చుక ప్రత్యక్షమైంది, ఎగిరిపోయింది.

అప్పుడు నాకు వచ్చిన ప్రశ్న ఒకటే. ఆ లావంతా ఎక్కడికి పోయింది?

ఆ ఒక్క ప్రశ్నతో నా జాబితా పిచ్చి వదిలింది. ఇవాళ నేను మీకు చెప్పదలచింది కూడా ఇంతే: పేరు తర్వాత అడగండి, ముందు అది ఏం చేస్తోందో చూడండి. చలికాలంలో పిట్ట చేసే ప్రతి పనికీ ఒక లెక్క ఉంటుంది. వేసవిలో పాడుతుంది, గూడు కడుతుంది, జత కోసం తగవులాడుతుంది, వంద వ్యవహారాలు. చలికాలంలో వ్యవహారం ఒకటే, ఒంట్లో వేడి ఆరిపోకుండా రేపటి పొద్దు చూడటం. లెక్క ఒకటే అయినప్పుడు చదవడం తేలిక కదా?

ఆ లావు సంగతి చెబుతాను. అది గాలి. పిట్ట పైన కనబడే గట్టి ఈకల కింద మెత్తటి నూగు ఉంటుంది. ప్రతి ఈక మొదట్లోనూ చిన్న కండరాలుంటాయి. వాటిని బిగించి ఈకల్ని లేపితే, ఆ సందుల్లో గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి వేడిని పోనివ్వదు. మనం దుప్పటి కప్పుకున్నప్పుడు వెచ్చగా ఉంచేది దుప్పటేనా? అందులో నిలిచిన గాలి కూడానూ. పిట్ట ఒళ్లు 40 డిగ్రీల పైనే ఉంటుంది, మనకైతే అది జ్వరం. బయట సున్నా డిగ్రీలు ఉందనుకోండి. వేలెడంత దూరంలో నలభై డిగ్రీల తేడా! మధ్యలో అడ్డుగా ఉన్నది ఒక గుప్పెడు ఈకలు, వాటిలో గాలి. ఇంతే.

అందుకే తడి పిట్టకి చలికాలం గండం. ఈకలు తడిసి అతుక్కుంటే గాలి నిలవదు. పిట్ట తోక దగ్గర నూనె గ్రంథి ఉంటుంది, ముక్కుతో అది తీసి ఈకలకి రాసుకుంటుంది, ఒక్కో ఈకనీ సర్దుకుంటుంది. మనం చూసి "అబ్బో, సింగారించుకుంటోంది" అంటాం. సింగారమా? ఇంటి కప్పు మరమ్మతు అది.

మరి కాళ్లు? కాళ్లకి ఈకలు లేవు కదా, మంచు మీద, ఇనప తీగ మీద ఎలా నిలబడుతుంది? ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. కాల్లోకి దిగే వేడి రక్తపు నాళమూ, కాల్లోంచి పైకొచ్చే చల్లటి రక్తపు నాళమూ పక్కపక్కనే ఆనుకుని ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి దారిలోనే ఇచ్చేస్తుంది. పాదం చేరేసరికి రక్తం చల్లబడి ఉంటుంది, పైకి చేరేసరికి వేడెక్కి ఉంటుంది. పాదాన్ని వెచ్చగా ఉంచాలన్న పట్టుదలే లేదు దానికి. గడ్డకట్టకుండా ఉంటే చాలు. పాదంలో పెద్ద కండ లేదు, ఎక్కువగా ఎముకా నరమూ, చల్లగా ఉన్నా పని జరుగుతుంది. పైగా ఒక కాలు ఈకల్లోకి ముడుచుకుంటే నష్టం సగం. కాసేపయ్యాక కాలు మారుస్తుంది. మీరు గడియారం పెట్టుకుని చూడండి, ఎంతసేపటికి మారుస్తుందో. నేను చూశాను. చలి ఎక్కువున్న రోజున, తక్కువున్న రోజున తేడా ఉందా లేదా అన్నది మీకే వదిలేస్తున్నాను.

ఇవన్నీ ఖర్చు తగ్గించుకునే మార్గాలు. రాబడి మాటేమిటి? పిట్ట వణుకుతుంది. మనకి కనబడదు గానీ వణుకుతుంది. ఎగరడానికి వాడే పెద్ద రొమ్ము కండరాలనే సన్నగా వణికిస్తూ వేడి పుట్టించుకుంటుంది. దానికి కట్టెలు కొవ్వు. చిన్న పిట్ట పగలంతా తిని పోగేసుకున్న కొవ్వు రాత్రి కాల్చేస్తుంది. ఒక్క రాత్రిలో ఒంటి బరువులో పదో వంతు దాకా కరిగిపోవచ్చు. డెబ్భై కిలోల మనిషి పడుకుని లేచేసరికి అరవై మూడు కిలోలు అయ్యాడనుకోండి! అలాంటి రాత్రి తర్వాత పొద్దున్నే మీ పెరట్లో వాలిన పిట్టని చూస్తే, అది గింజ మీద అంత ఆత్రంగా ఎందుకు పడుతుందో ఇక నేను చెప్పక్కర్లేదు.

ఉత్తర అమెరికాలో నల్లటోపీ చికడీ అని ఉంది. బరువు పదకొండు గ్రాములో పన్నెండు గ్రాములో. వలస పోదు, మంచులోనే ఉండిపోతుంది. అది రాత్రిళ్లు ఒంటి వేడిని పది పన్నెండు డిగ్రీలు తగ్గించేసుకుంటుంది. పొయ్యి ఆర్పదు, సెగ తగ్గిస్తుంది. తెల్లారగట్ల మళ్లీ వణికి వేడెక్కుతుంది. దానికన్నా చిన్నది బంగారు కిరీటపు కింగ్‌లెట్, అయిదారు గ్రాములు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు అడవుల్లో బెర్న్డ్ హైన్‌రిక్ అనే జీవశాస్త్రవేత్త చలికాలాల తరబడి వీటి వెనక తిరిగాడు, ఇంత చిన్న ప్రాణి రాత్రి ఎలా గడుపుతుందా అని. చివరికి కనబడింది. కొమ్మ మీద నాలుగు ఒకదాన్నొకటి ఒత్తుకుని, ముద్దలా. అంతే రహస్యం. చలికి మనం మాత్రం చేసేదేమిటి?

ఇది పెరటి పిట్ట కాదు గానీ, ఆపుకోలేక చెబుతున్నాను. 1946లో ఎడ్మండ్ జేగర్ అనే ఆయన కాలిఫోర్నియా ఎడారి కొండల్లో ఒక రాతి తొర్రలో పూర్‌విల్ అనే పిట్టని చూశాడు. ముట్టుకుంటే కదల్లేదు. చచ్చిందనుకున్నాడు. చావలేదు, చలికాలమంతా నిద్రపోతోంది! పక్షుల్లో అలాంటి దీర్ఘనిద్ర ఉండదని అప్పటిదాకా పండితులు అనుకునేవారు. అక్కడి హోపీ తెగవాళ్లు ఆ పిట్టని ఎప్పటినుంచో ఏమని పిలుస్తున్నారో తెలుసా? "నిద్రపోయేది" అని. మన దారిలోకి వద్దాం.

కొవ్వు అంత అవసరమైతే పిట్ట బాగా లావెక్కి కూర్చోవచ్చు కదా? కూర్చోదు. ఎందుకంటే డేగ ఉంది. లావు పిట్ట నెమ్మదిగా లేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథామ్ అడవిలో గ్రేట్ టిట్ పిట్టల్ని దశాబ్దాల తరబడి తూచారు. పురుగుమందుల వల్ల డేగలు మాయమైన రోజుల్లో ఆ పిట్టలు బరువెక్కాయి. డేగలు తిరిగొచ్చాక మళ్లీ తగ్గాయి. ఆకలి చావా, డేగ చావా అని రోజూ బేరమాడుకుంటూ బతుకుతుందన్న మాట. ఇంకో తమాషా, మందలో పెత్తనం చేసే పిట్ట తరచు సన్నగా ఉంటుంది, అణిగిమణిగి ఉండేదే కొవ్వు ఎక్కువ దాచుకుంటుంది. పెత్తందారుకి ఎప్పుడు కావాలంటే అప్పుడు తిండి దొరుకుతుంది, దాచుకునే పనేముంది? రేపు దొరుకుతుందో లేదో తెలియనిదే దాచుకుంటుంది. నవ్వుతున్నారు మీరు. నేను పిట్టల గురించే చెబుతున్నాను.

పెత్తనం అన్నాం కాబట్టి. మీ గింజల పళ్లెం దగ్గర ఎవరు ఎవరిని తరుముతున్నారో ఒక వారం గమనించండి. ఇదేమీ కొత్త ఆట కాదు. నార్వేలో థోర్‌లైఫ్ షెల్డెరుప్-ఎబ్బే అనే పిల్లవాడు ఇంటి కోళ్లని చూస్తూ పెరిగాడు, ఏ కోడి ఏ కోడిని పొడుస్తుందో రాసుకుంటూ. పెద్దయ్యాక 1921లో అదే తన పరిశోధన. కోళ్లలో ఒక వరస ఉంటుంది, పైది కిందిదాన్ని పొడుస్తుంది, కిందిది తిరిగి పొడవదు. ఇవాళ ఆఫీసుల గురించి మాట్లాడేవాళ్లు కూడా వాడుతున్న ఆ "పొడిచే వరస" ఒక పెరట్లో పుట్టింది.

ఇక మంద. వేసవిలో ఒకదాన్నొకటి ఓర్వలేని పిట్టలు చలికాలంలో జాతులు కలిసి గుంపుగా తిరుగుతాయి. చూసే కళ్లు ఎక్కువుంటే తలెత్తి చూసే పని తగ్గుతుంది, తినే వేళ పెరుగుతుంది. ఇందాక చెప్పిన చికడీ అరుపు "చిక్-అ-డీ-డీ". ఆ చివర "డీ"లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ప్రమాదం పెద్దదైనకొద్దీ డీలు పెరుగుతాయని 2005లో తేల్చారు. చిన్న గుడ్లగూబ చికడీకి పెద్ద గుడ్లగూబకన్నా ప్రమాదం, ఎందుకంటే చురుగ్గా తిరిగి పట్టుకోగలదు. అందుకని చిన్నదానికే ఎక్కువ డీలు. పక్కన వేరే జాతుల పిట్టలు కూడా ఆ మాట వింటాయి. మీ పెరట్లో చికడీ ఉండకపోవచ్చు, ఫర్వాలేదు. పిచ్చుకలున్నాయా? గోలగోలగా ఉన్న పిచ్చుకలు ఒక్కసారిగా నోరుమూసుకుంటే పైకి చూడండి. నూటికి నూరుసార్లు కాకపోయినా, చాలాసార్లు పైన గద్దో డేగో ఉంటుంది. మౌనం కూడా ఒక కూతే.

ఇప్పుడు ఏర్పాట్లు. ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఏం పెట్టాలి, ఎక్కడ కట్టాలి అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు, చూడటం మర్చిపోతారు. పొద్దుతిరుగుడు గింజలు, ఉప్పు లేని వేరుశనగ పలుకులు, చిరుధాన్యాలు. బాగా చలి ఉన్న చోట కొవ్వు ముద్ద. ఉప్పు వేసినవీ, బూజు పట్టినవీ వద్దు. ఎండిపోయిన పూల తలల్ని కోసెయ్యకండి, వాటిలో విత్తనాలుంటాయి. రాలిన ఆకుల్ని ఊడ్చెయ్యకండి, వాటి కింద పురుగులుంటాయి. బద్ధకస్తుల తోట పిట్టలకి మంచి తోట. ఈ మాట ఇంట్లో నా పేరు చెప్పి వాడుకోండి.

తిండిలాగే నీళ్లూ ముఖ్యం, అది ఎవరూ చెప్పరు. గడ్డకట్టే చోట్ల నీళ్లు దొరకవు, మంచు తిని కరిగించుకోడానికి ఒంటి వేడి ఖర్చు. వెడల్పాటి పళ్లెంలో రెండు మూడు వేళ్ల లోతున పెట్టండి. గడ్డకడితే గోరువెచ్చటి నీళ్లు పోసి మార్చండి. గడ్డకట్టకుండా ఉప్పో ఇంకోటో కలపకండి, అది విషం.

రెండు తప్పులు చేశాను, అవి మాత్రం వివరంగా చెబుతాను. మొదటిది అద్దం. గింజల బుట్టని కిటికీకి నాలుగైదు మీటర్ల దూరంలో చెట్టుకి కట్టాను. చక్కగా కనబడుతోందని మురిసిపోయాను. మూడో రోజు డేగ నీడ పడింది, మందంతా చెల్లాచెదురైంది, ఒకటి సూటిగా వచ్చి అద్దానికి కొట్టుకుంది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. చిన్న చప్పుడే. దానికి అద్దం కనబడలేదు, అద్దంలో చెట్టు కనబడింది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. ఇంకా వెచ్చగా ఉంది. ఇందాక ఆ వేడి కోసం అది పడే పాట్లన్నీ చెప్పాను కదా మీకు. అంత కష్టపడి రాత్రి దాటించుకున్న వేడి, నా అరచేతిలో చల్లారిపోయింది.

తర్వాత తెలుసుకున్నాను. బుట్ట కిటికీకి మీటరు లోపు ఉండాలి, లేదా పది మీటర్లో అంతకన్నా ఎక్కువో దూరంగా ఉండాలి. దగ్గరుంటే పిట్ట వేగం అందుకునేలోపే అద్దం వస్తుంది, గట్టి దెబ్బ తగలదు. మధ్య దూరమే యముడు. అద్దం బయటివైపు చుక్కలో గీతలో అయిదేసి సెంటీమీటర్లకి ఒకటి చొప్పున పెట్టండి. ఒక్క డేగ బొమ్మ అంటించి ఊరుకుంటే లాభం లేదు, పిట్ట దాని పక్కనుంచి దూరబోతుంది.

రెండో తప్పు మురికి. గింజలు పోస్తూనే ఉన్నాను, పళ్లెం కడగలేదు. పిట్టలు తిన్న చోటే రెట్ట వేస్తాయి. బ్రిటన్‌లో 2005 ప్రాంతంలో ట్రైకోమోనాసిస్ అనే గొంతు జబ్బు గ్రీన్‌ఫించ్ పిట్టలకి పట్టుకుంది, ఏళ్లలోనే వాటి సంఖ్య కూలిపోయింది. గుంపులుగా ఒకచోట చేరి తినడం ఆ జబ్బుకి దారి. కాబట్టి వారానికోసారి కడిగి, పూర్తిగా ఎండబెట్టి, మళ్లీ గింజలు పొయ్యండి. చలికి ఉబ్బిన పిట్టకీ జబ్బు పిట్టకీ తేడా ఎలా తెలుస్తుందంటారా? తలుపు చప్పుడుకి నా పిచ్చుక ఏం చేసింది? సన్నబడి ఎగిరింది. మిగతావన్నీ ఎగిరిపోయినా ఒకటి మాత్రం పళ్లెం దగ్గరే ఉబ్బి, కళ్లు మూతలు పడుతూ కూర్చుంటే, అది జబ్బు. ఆ రోజే పళ్లెం తీసెయ్యండి, కొన్ని వారాలు పెట్టకండి. మనసు ఒప్పుకోదు, అయినా తీసెయ్యండి.

బైనాక్యులర్ కావాలా? పెరట్లోకి అక్కర్లేదు. ఉంటే బావుంటుంది. ఎనిమిది రెట్లు చూపించేది చాలు, ఇంకా పెద్దదైతే చెయ్యి వణికి బొమ్మ వణుకుతుంది. గదిలో దీపం ఆర్పి, కిటికీకి రెండడుగులు వెనక్కి కూర్చోండి. వాటికి మీరు కనబడరు.

చూసిన దాన్ని రాయండి. తారీకు, వేళ, చలి ఎంత, ఎవరొచ్చారు, ఏం చేశారు. ఇది ఎందుకు పనికొస్తుందంటారా? 1900లో క్రిస్మస్ రోజున ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన చెప్పగా ఇరవై ఏడు మంది అమెరికా, కెనడాల్లో పిట్టల్ని లెక్కపెట్టారు. అంతకుముందు ఆ పండగనాడు జట్లుగా తుపాకులతో వెళ్లి కనబడ్డదాన్నల్లా కాల్చే పోటీ ఉండేది. కాల్చడం మాని లెక్కపెడదాం అన్నాడు. ఆ లెక్క ఇప్పటికీ ఏటా సాగుతోంది. బ్రిటన్‌లో 1979లో పిల్లల కోసం మొదలైన జనవరి పెరటి లెక్క కూడా అంతే. 1998లో మొదలైన ఫిబ్రవరి పెరటి లెక్కలో ఇవాళ ప్రపంచంలో ఎక్కడివాళ్లయినా చేరవచ్చు, పావుగంట చూస్తే చాలు.

పాలసీసాల కథ చెప్పి ముగిస్తాను. 1921లో ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గర స్వేథ్లింగ్ అనే చోట, గుమ్మం ముందు పెట్టిన పాలసీసాల మూతల్ని టిట్ పిట్టలు పొడిచి మీగడ తాగుతున్నాయని ఎవరో గమనించారు. క్రమంగా ఇంకో చోట, మరో చోట. 1949లో ఫిషర్, హైండ్ అనే ఇద్దరు ఆ కబుర్లన్నీ పోగుచేసి పటం మీద పెట్టారు. ఒక అలవాటు పిట్టల మధ్య ఎలా పాకుతుందో కనబడింది. ఆ పటాన్ని తయారుచేసింది ఎవరు? పొద్దున్నే తలుపు తీసి, మీగడ పోయిందని తిట్టుకుని, ఎవరి పనా అని కాస్త ఆగి చూసినవాళ్లు.

ప్రశ్నలుంటే అడగండి.

ఆ... మేం ఊరెళితే, గింజలు అలవాటైన పిట్టలు ఆకలితో చావవా, అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. అమెరికాలో విస్కాన్సిన్‌లో దీన్నే పరీక్షించారు. పాతికేళ్లుగా గింజలు పెడుతున్న చోట హఠాత్తుగా ఆపేసి, అసలెప్పుడూ పెట్టని చోటి చికడీలతో పోల్చారు. బతికి బయటపడటంలో తేడా రాలేదు. అవి మన ఒక్క పళ్లేన్నే నమ్ముకోవు. అయితే చలి మరీ తీవ్రంగా ఉన్న నెలల్లో గింజలున్న చోట ఎక్కువ బతికాయి. కాబట్టి నిశ్చింతగా వెళ్లండి, గడ్డకట్టే రోజుల్లో మాత్రం వీలైతే పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లండి.

పిల్లి ఉంటే? పిల్లిని లోపల ఉంచండి. దీనికి రెండో జవాబు లేదు.

ఆ అబ్బాయి ఏమంటున్నాడు? గట్టిగా చెప్పు నాన్నా. మాకు పెరడు లేదు, ఆరో అంతస్తు, ఎదురుగా గోడా, కరెంటు తీగా తప్ప ఏం కనబడవు, అంటున్నాడు. తీగ ఉందా? చాలు నాన్నా. ఇక్కడా అంతే ఉంది, చూడు. అందరూ కాస్త ఎడమవైపుకి తిరగండి. పొద్దుగూకే గంట కదా, నేను మాట్లాడుతున్నంతసేపూ ఒక్కొక్కటీ వచ్చి వాలుతున్నాయి. పేరు అడక్కండి, ఎలాగూ ఇంత దూరం నుంచి నాకూ తెలియదు. అన్నీ ఒకే వైపుకి ముఖం పెట్టి కూర్చున్నాయి, చూశారా? గాలి అటునుంచి వస్తోంది. ఎదురుగాలికి కూర్చుంటే ఈకలు చెదరవు, వెనకనుంచి వస్తే లేచిపోతాయి, లోపలి గాలి పోతుంది. ఆ చివరిది ఒంటికాలి మీద ఉంది. దాని పక్కది చూడండి, మెడ లేదు.

నాకు పదకొండు కనబడుతున్నాయి. నీకెన్ని, నాన్నా?